ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా? – ఉపయుక్త గ్రంథసూచిపై ఒక లేఖకు సమాధానం

ప్రశ్న: నేను నల్లగొండలో ఎం.ఏ. చరిత్ర చివరి సెమిస్టర్ చదువుతున్నాను. మన జిల్లా ఫ్లోరైడ్ నీటి సమస్య చరిత్రపై తెలుగులో 60 పుటల ప్రాజెక్టు రాశాను. చివర పెట్టిన ఉపయుక్త గ్రంథసూచిలో 41 పేర్లున్నాయి. గైడ్ సార్ ఆ పేజీల మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, "ఒక పద్ధతి లేదు, మళ్లీ రాయండి" అని తిప్పి పంపారు. ఒక స్నేహితురాలు ఎంఎల్‌ఏ పద్ధతి అంటున్నది, ఇంకొకరు ఏపీఏ అంటున్నారు. డీటీపీ సెంటర్ ఆయన తనకు తోచిన వరుసలో పెట్టాడు. రచయిత ఇంటిపేరు ముందు రాయాలా, అసలు పేరు ముందు రాయాలా? పాత దినపత్రికలను, ప్రభుత్వ నివేదికలను, ఇంటర్నెట్‌లో చూసినవాటిని ఎలా చూపించాలి? మర్రిగూడ మండలంలో నేను మాట్లాడిన పెద్దవాళ్ల పేర్లు పెట్టవచ్చా? – ఒక విద్యార్థిని, నల్లగొండ

సమాధానం: అమ్మా, ఉత్తరంతో పాటు మీరు పంపిన నాలుగు పేజీల జాబితాను రెండుసార్లు చదివాను. మీ గైడ్ గారి ఎర్ర సిరాకు కారణం మొదటి పేజీలోనే దొరికింది. "సురవరం ప్రతాపరెడ్డి, ఆంధ్రుల సాంఘిక చరిత్ర, హైదరాబాద్" అని మూడో వరుసలో ఉన్నది, అక్కడి నుండి ఆరు వరుసలు దిగితే "ప్రతాపరెడ్డి ఎస్., ఆంధ్రుల సాంఘీక చరిత్ర, 1949" అని మళ్లీ ఉన్నది. పుస్తకం ఒకటే. మొదటిచోట సంవత్సరం లేదు, రెండోచోట ఊరు లేదు, ఇంటిపేరు పొడి అక్షరమైపోయింది, శీర్షికలో దీర్ఘం కూడా అదనంగా వచ్చి చేరింది. తెలియనివారు చూస్తే ఇద్దరు రచయితలు రాసిన రెండు పుస్తకాలనుకుంటారు. అంటే మీ 41లో కనీసం ఒకటి ఇప్పుడే తగ్గింది.

ఎంఎల్‌ఏ అనగానే మన దగ్గర అందరికీ అసెంబ్లీ గుర్తుకు వస్తుంది గాని, ఇక్కడ అది అమెరికాలోని మాడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ అనే సంస్థ పేరు. భాషాసాహిత్యాల వారు ఎక్కువగా వాడే ఆ పద్ధతి తాజా కూర్పు 2021లో వచ్చిన తొమ్మిదవది. ఏపీఏ అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్; మనస్తత్వశాస్త్రం, విద్య, సామాజిక శాస్త్రాల వారు వాడే ఆ పద్ధతిలో ఏడవ కూర్పు 2019లో వచ్చింది. చరిత్ర చదివేవారికి ఈ రెండింటి కంటే షికాగో విశ్వవిద్యాలయ ప్రచురణ సంస్థ వారి షికాగో పద్ధతి దగ్గరిది, ఎందుకంటే అందులో పుట అడుగున పాదసూచికలు పెట్టి, చివర గ్రంథసూచి ఇచ్చే ఏర్పాటు ఉన్నది. శాసనం, పాత పత్రిక, కచేరీ దస్తావేజు వంటివి వాక్యం మధ్య బ్రాకెట్లలో ఇమడవు గాని పాదసూచికలో హాయిగా ఇముడుతాయి. మూడింటి మధ్య మీకు కొట్టొచ్చినట్టు కనిపించే తేడా సంవత్సరం ఎక్కడ పడుతుందన్నదే. ఏపీఏలో సంవత్సరం రచయిత పేరు పక్కనే బ్రాకెట్లలో వస్తుంది, ఎందుకంటే వైజ్ఞానిక విషయాల్లో ఆ మాట ఎప్పటిదో ముందుగా తెలియాలి. ఎంఎల్‌ఏలోనూ షికాగో గ్రంథసూచిలోనూ పుస్తకమైతే సంవత్సరం చివరికి పోతుంది.

ఏది ఎంచుకోవాలో నిర్ణయించేది మీరూ కాదు, నేనూ కాదు, మీ శాఖ. మీ శాఖలో ప్రాజెక్టు నియమావళి అచ్చులో ఉంటే అదే శాసనం. లేకపోతే గత రెండు మూడేళ్లలో అదే శాఖలో ఆమోదం పొందిన ప్రాజెక్టులు లైబ్రరీలో అడిగి తీసుకొని, చివరి పేజీలు చూసి, ఏది ఎక్కువగా వాడారో గమనించి, గైడ్ గారిని ఒక్క మాట అడిగి మొదలుపెట్టండి. పద్ధతి ఏదైనా ఒకటే ఉండాలన్నది ఆయన రాసిన మాటలోని అసలు అర్థం. ఒక వరుసలో కామా, మరొక వరుసలో చుక్క, ఇంకొక వరుసలో అడ్డగీత పెట్టి రాసిన మీ జాబితాలో ఆరు పద్ధతులు లెక్కపెట్టాను.

ఇక మీరు అడిగిన ప్రశ్నల్లో నిజంగా చిక్కుముడి అయినది పేర్ల సంగతి. ఇంగ్లీషు పద్ధతుల పుస్తకాలన్నీ "ఇంటిపేరు ముందు రాసి, కామా పెట్టి, తర్వాత అసలు పేరు రాయండి" అంటాయి. వారి పేరులో ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి దాన్ని ముందుకు లాగాలి. లాగినందుకు గుర్తుగా కామా పెట్టాలి. మన పేరులో ఇంటిపేరు పుట్టుకతోనే ముందున్నది. సురవరం ప్రతాపరెడ్డి అన్నప్పుడు సురవరం ఇంటిపేరు, ప్రతాపరెడ్డి అసలు పేరు. అటువంటప్పుడు నియమాన్ని అక్షరాలా పట్టుకొని పేరును తిప్పితే, ఆ నియమం కోరినదానికి సరిగ్గా వ్యతిరేకమైనది జరుగుతుంది. అయినా మన తెలుగు శాఖల సిద్ధాంత గ్రంథాల్లో చాలాకాలంగా "ప్రతాపరెడ్డి, సురవరం" అనే రాస్తున్నారు. దానికి కూడా కారణం లేకపోలేదు. మనవాళ్లు ఒక రచయితను తలుచుకునేది అసలు పేరుతోనే గాని ఇంటిపేరుతో కాదు. లైబ్రరీ కార్డు పెట్టెలో వెతికేవాడి చేయి కూడా 'ప్ర' దగ్గరికే పోతుంది.

నా అభిప్రాయం అడిగితే, పూర్తిగా తెలుగులో రాసే జాబితాలో పేరును తిప్పకుండా, కామా పెట్టకుండా, పుస్తకం మీద ఉన్నట్టే "సురవరం ప్రతాపరెడ్డి" అని రాసి 'స' కింద చేర్చడం నాకు నచ్చుతుంది. కుటుంబనామం సహజంగానే ముందుండే చైనా పేర్ల వంటివాటిని తిప్పవద్దని ఎంఎల్‌ఏ వారే చెప్పారు కాబట్టి, ఆ పద్ధతి పాటించినట్టు కూడా అవుతుంది. కాని మీ శాఖ ఆచారం "ప్రతాపరెడ్డి, సురవరం" అయితే వాదన పెట్టుకోకుండా అలాగే రాయండి. రెండింటిలో ఏది తీసుకున్నా 41 పేర్లకూ అదే వర్తించాలి. ప్రాజెక్టు లోపల బ్రాకెట్లలో ఇచ్చే పేరు కూడా జాబితాలో మొదట కనబడే పేరే కావాలి. లోపల "(సురవరం 45)" అని రాసి, జాబితాలో 'ప్ర' కింద పెడితే చదివేవాడు 'సు' దగ్గర వెతికి, దొరకక, మీరు ఆధారం ఇవ్వలేదనుకుంటాడు.

ఇంగ్లీషు పుస్తకాల జాబితాకు వచ్చేసరికి మన పేర్ల అవస్థ ఇంకా పెరుగుతుంది. జిల్లా చరిత్ర అధ్యాయంలో మీరు రావి నారాయణరెడ్డి గారి ఇంగ్లీషు పుస్తకం ఉదహరించారు. ఇంగ్లీషు అట్ట మీద ఆ పేరు చూసినవారెవరైనా రవి అనేది అసలు పేరనుకుంటారు. మీ జాబితాలో అలాగే 'రెడ్డి, రవి నారాయణ్' అయిపోయింది. బొల్లేపల్లిలో పుట్టి, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుండి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచిన మనిషి ఇంటిపేరు రావి అని మన జిల్లా విద్యార్థులు కూడా మరిచిపోతే ఎట్లా? 'రెడ్డి', 'రావు', 'శర్మ' అనేవి ఇంటిపేర్లు కావు. వాటి కింద పేర్లు చేర్చడం మొదలుపెడితే తెలంగాణ రచయితల్లో సగం మంది ఒకేచోట కుప్ప పడతారు. అట్లాగని ఇంటిపేరును వదిలేసినా ఇబ్బందే. నారాయణరెడ్డి అని మాత్రమే రాస్తే రావి వారా, సింగిరెడ్డి వారా అన్నది తెలియదు. ఒకరు ఉద్యమ నాయకులు, మరొకరు సినారెగా పేరుపడ్డ కవి. అందుకే ఏ పద్ధతిలోనైనా ఇంటిపేరు పూర్తిగా, కనీసం పొడి అక్షరంగానైనా ఉండితీరాలి.

పొడి అక్షరాల గురించి ఇంకొక్క మాట. వలిగొండకు చెందిన చరిత్రకారులు భిన్నూరి నరసింహశాస్త్రి గారు పుస్తకాల మీద బి.ఎన్. శాస్త్రిగానే కనిపిస్తారు. మీ జాబితాలో ఆయన రెండు రూపాల్లోనూ, రెండు వేరువేరు చోట్ల ఉన్నారు. టైటిల్ పేజీ మీద ఉన్న రూపమే ప్రధానంగా తీసుకోండి. పూర్తి పేరు తెలిస్తే పక్కన చతురస్ర బ్రాకెట్లలో ఇవ్వండి. ఆయన పుస్తకాలన్నీ ఒకే పేరు కింద సంవత్సరాల వరుసలో పెట్టండి. కలం పేర్లకూ ఇదే దారి. పేర్ల ముందు డాక్టర్, ఆచార్య, శ్రీ, చివర గారు అనేవి గ్రంథసూచిలో ఉండవు. అది అమర్యాద కాదు.

సంవత్సరం ఎక్కడ దొరుకుతుందో చాలామంది పిల్లలకు ఎవరూ చూపించరు. అట్ట మీద చూడకండి. టైటిల్ పేజీ తిప్పితే దాని వెనుక పేజీలో ప్రథమ ముద్రణ, ద్వితీయ ముద్రణ, ప్రతుల సంఖ్య, వెల, ముద్రించిన ప్రెస్సు, ప్రతులు దొరికే చోటు వరుసగా ఉంటాయి. అక్కడ ప్రెస్సు పేరును ప్రచురణకర్తగా రాసేయడం మన విద్యార్థుల్లో చాలా మామూలు పొరపాటు; మీరు కూడా నాలుగు చోట్ల చేశారు. ప్రెస్సు అచ్చువేసినది మాత్రమే. ప్రచురించినవారు వేరే ఉంటారు, చాలా జిల్లా పుస్తకాలకు రచయితే ప్రచురణకర్త. అటువంటిచోట "స్వీయ ప్రచురణ" అని రాసి ఊరి పేరు ఇవ్వండి. ఎంఎల్‌ఏ, ఏపీఏ తాజా కూర్పులు ప్రచురణ స్థలం అక్కర్లేదంటున్న మాట నిజమే గాని, పెద్ద ప్రచురణ సంస్థలున్న దేశాలకు అది చెల్లుతుంది. వనపర్తిలోనో సూర్యాపేటలోనో రచయిత సొంత ఖర్చుతో వేసిన మూడు వందల ప్రతుల పుస్తకం వెతకాలంటే ఊరి పేరే దిక్కు. మీ శాఖ అభ్యంతరం చెప్పకపోతే ఊరు ఉంచండి.

ముద్రణ విషయంలో మీరు రాసిన 1949 కూడా సరిచూడవలసినదే. ఆంధ్రుల సాంఘిక చరిత్ర మొదట వెలువడింది 1949లోనే. కాని మీ చేతిలో ఉన్నది తర్వాత వచ్చిన పునర్ముద్రణ అని మీరు ఇచ్చిన పుట సంఖ్యలను బట్టి నాకు అనుమానం. మీరు చదివిన ప్రతి ఏ సంవత్సరానిదో ఆ సంవత్సరమే రాయాలి. మొదటి ముద్రణ సంవత్సరాన్ని కావాలంటే "మొదటి ముద్రణ 1949" అని పక్కన చేర్చవచ్చు. 1949 అని రాసి పునర్ముద్రణలోని పుట సంఖ్య ఇస్తే, పాత ప్రతి తెరిచినవారికి ఆ పుటలో మరొక సంగతి కనిపిస్తుంది.

నేను ఎం.ఫిల్. చేసే రోజుల్లో ఇదే చోట కాలు జారాను. హైదరాబాదులోని ఒక గ్రంథాలయంలో పుస్తకం చూసి, కావలసిన పేరాలన్నీ నోటు పుస్తకంలోకి దించుకొని, ఆఖరి బస్సు తప్పుతుందన్న తొందరలో టైటిల్ పేజీ వెనుక భాగం చూడకుండా వచ్చేశాను. సమర్పణకు వారం ముందు ఆ ఒక్క సంవత్సరం కోసం పాలమూరు నుండి మళ్లీ పోయాను. ఆ రోజు గ్రంథాలయానికి సెలవు. మరునాడు ఇంకోసారి పోవలసి వచ్చింది. ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్ ఉన్నది కాబట్టి పుస్తకం తెరవగానే టైటిల్ పేజీ, దాని వెనుక పేజీ, మీరు వాడుకునే పుట – ఈ మూడూ ఫొటో తీసి పెట్టుకుంటే ఆ బస్సు చార్జీ మిగులుతుంది.

మీ అంశానికి సంబంధించిన వ్యాసాల్లో 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ. హెచ్. సిద్దిఖీ రాసిన నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ వ్యాసం ముఖ్యమైనది. దాన్ని మీరు "సిద్దిఖీ వ్యాసం, ఇంటర్నెట్" అని రెండు మాటల్లో ముగించారు. పత్రికా వ్యాసానికి రెండు శీర్షికలుంటాయి – వ్యాసానిది ఒకటి, పత్రికది ఒకటి. వ్యాసం పేరు కొటేషన్ గుర్తుల మధ్య ఉంటే, పత్రిక పేరు వాలు అక్షరాల్లో ఉంటుంది. తర్వాత సంపుటి, సంవత్సరం, పుటలు. ఎంఎల్‌ఏ ప్రకారం ఇలా వస్తుంది: సిద్దిఖీ, ఎ. హెచ్. "ఫ్లోరోసిస్ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్, హైదరాబాద్-దక్కన్." బ్రిటిష్ మెడికల్ జర్నల్, సంపుటి 2, 1955, పు. 1408-13. ఏపీఏలో అయితే పేరు తర్వాతనే (1955) వచ్చి, వ్యాసం పేరుకు కొటేషన్ గుర్తులు పోయి, చివర "2, 1408–1413" అని మిగులుతుంది. ఇక్కడ తెలుగు లిపిలో రాశాను గాని మీ జాబితాలో ఇంగ్లీషు ఆధారాలను ఇంగ్లీషు అక్షరాల్లోనే, వేరే విభాగంగా ఇవ్వండి. శీర్షికలోని "హైదరాబాద్-దక్కన్" అన్న మాటను ఈ కాలానికి తగినట్టు దిద్దకండి. ఆ వ్యాసం వచ్చేనాటికి నల్లగొండ హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడడానికి ఇంకా ఏడాది ఉన్నది. వాలు అక్షరాల సంగతికి వస్తే, తెలుగు అక్షరాలను వాల్చితే చాలా ఫాంట్లలో గుడులూ కొమ్ములూ ఒకదాని మీద ఒకటి పడతాయి. తెలుగు పుస్తకాల పేర్లను ముద్దక్షరాల్లో పెట్టడం మేలు, అది కూడా అంతటా ఒకే తీరుగా.

మీ మూడో అధ్యాయంలో నల్లగొండ టెక్నిక్ గురించి చక్కగా రాశారు: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే ఆ పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రజ్ఞులు రూపొందించారు. జాబితాలో నీరీ వారి మూల నివేదిక పేరు కనిపిస్తున్నది. కాని మీ పేరాలోని వాక్యాలు ఆ నివేదిక నుండి కాక, దాన్ని ఉదహరించిన ఒక తర్వాతి వ్యాసం నుండి వచ్చినవని మీ పాదసూచిక చెబుతున్నది. ఈ టెక్నిక్ మీద రాసినవారిలో చాలామంది ఒకరిని చూసి ఒకరు ఆ మూల నివేదిక పేరు రాసుకుంటూ పోయినవారే. ఎవరో ఒకరు సంవత్సరం తప్పు రాస్తే తర్వాతివారందరూ అదే తప్పు మోస్తారు. మీరు చదవనిదాన్ని చదివినట్టు జాబితాలో పెట్టకండి. లోపల "నీరీ నివేదిక, ఫలానా వ్యాసంలో ఉదాహృతం" అని రాసి, జాబితాలో మీరు కళ్లతో చూసిన వ్యాసాన్నే ఇవ్వండి. మూల నివేదిక దొరికితే చదివి అప్పుడు చేర్చండి.

ప్రభుత్వ ప్రచురణలకు రచయిత ఉండడని మీరు ఖాళీ వదిలారు. అక్కడ సంస్థే రచయిత. తాగునీటి ప్రమాణం మీరు తీసుకున్నది భారతీయ ప్రమాణాల సంస్థ నుండి, దాని గుర్తు ఐఎస్ 10500:2012. ఆ 2012 చాలా ముఖ్యం, ఎందుకంటే అదే సంఖ్యతో 1991లో వచ్చిన పాత ప్రమాణం కూడా ఉన్నది. లీటరుకు 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్యం, వేరే నీరు లేనిచోట 1.5 వరకు అని మీరు రాసిన అంకెలు ఏ కూర్పులోనివో గుర్తు లేకుండా తేలదు. 2011 జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్‌ను మీరు "తెలంగాణ ప్రభుత్వం, నల్లగొండ" అని చూపించారు. 2011లో తెలంగాణ రాష్ట్రం లేదు. ఆ పుస్తకం మీద ఆంధ్రప్రదేశ్ జనగణన డైరెక్టరేట్ పేరున్నది, అదే రాయాలి. 2014 జూన్ 2 తర్వాత మన మనసులో ఏమున్నా, టైటిల్ పేజీ మీద ఉన్నది మార్చే హక్కు గ్రంథసూచికి లేదు. మరొక ముప్పు కూడా ఇందులోనే ఉన్నది: ఆ హ్యాండ్‌బుక్‌లోని నల్లగొండ అంటే దాదాపు 34.9 లక్షల జనాభా గల ఉమ్మడి జిల్లా. 2016 అక్టోబరు 11న సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాక మిగిలిన జిల్లాకు అదే లెక్క ప్రకారం 16 లక్షల పైచిలుకే. జాబితాలో ఎంట్రీ పక్కన "ఉమ్మడి జిల్లా" అని బ్రాకెట్లో పెడితే మీ గైడ్ గారికే కాదు, వైవా తీసుకునేవారికి కూడా ఒక ప్రశ్న తగ్గుతుంది. పాలమూరు వైపు విద్యార్థులకు ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. వారి ఉమ్మడి జిల్లా 2016లో నాలుగై, 2019 ఫిబ్రవరిలో నారాయణపేటతో ఐదయింది.

దినపత్రికల వార్తలకు పేపరు పేరు, తేదీ రాస్తే సరిపోతుందని అనుకున్నారు. మన తెలుగు పత్రికలకు సరిపోదు. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో వాటర్ గ్రిడ్ పైలాన్ ఆవిష్కరణ జరిగిన మరునాటి వార్తను మీరు తీసుకున్నారు. అదే పేపరు, అదే తేదీ, మహబూబ్‌నగర్ ఎడిషన్ తెరిస్తే మీరు చెప్పిన పేజీలో మరొక వార్త ఉండవచ్చు, జిల్లా అనుబంధంలో అసలు ఆ పేజీయే వేరుగా ఉండవచ్చు. అందుకని వార్త శీర్షిక, పేపరు పేరు, ఏ జిల్లా ఎడిషన్, తేదీ, పేజీ – మెయిన్ పేజీయా, జిల్లా పేజీయా – ఇవన్నీ ఇవ్వండి. విలేఖరి పేరు ఉంటే ముందు పెట్టండి. లేకపోతే "న్యూస్‌టుడే", "మా ప్రతినిధి" వంటివాటిని రచయితలుగా రాయకుండా శీర్షికతోనే మొదలుపెట్టండి. గోలకొండ పత్రిక వంటి పాత పత్రికలను స్కాన్ ప్రతుల్లో చూసినప్పుడు, పత్రికా సంచిక వివరాలు పూర్తిగా ఇచ్చి, ఏ డిజిటల్ భాండాగారంలో చూశారో చివర చేర్చాలి. కంప్యూటర్ తెర మీద పీడీఎఫ్ చూపించే పేజీ సంఖ్య, అచ్చు పుట మీద ఉన్న సంఖ్య ఒకటి కావు. రాయవలసినది అచ్చు పుటదే.

ఇంటర్నెట్ ఆధారాలకు చిరునామా ఒక్కటే అతికించి వదిలేస్తే అది ఆధారం కాదు. రాసినవారి పేరు లేదా సంస్థ పేరు, పేజీ శీర్షిక, తేదీ, తర్వాత లింకు రాయండి. మారుతూ ఉండే పేజీ అయితే మీరు చూసిన తేదీ కూడా. వ్యాసానికి డీఓఐ (ఇంటర్నెట్‌లో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే మామూలు లింకు బదులు అదే ఇవ్వండి, వెబ్‌సైట్ మారినా అది పనిచేస్తుంది. తెలుగు వికీపీడియాను ప్రాథమిక ఆధారంగా చూపకుండా, ఆ వ్యాసం కింద ఇచ్చిన మూలాల దగ్గరికి పోయి వాటిని చదవండి. మీ జాబితా 29వ పేరు నాకు ఎక్కడ వెతికినా కనబడలేదు. శీర్షిక చాలా అందంగా ఉన్నది, పత్రిక నిజమైనదే, కాని ఆ సంపుటిలో ఆ పుటల్లో అటువంటి వ్యాసం లేదు. చాట్‌జీపీటీ వంటివాటిని అడిగి తీసుకున్నదైతే వెంటనే తీసేయండి. అవి ఉన్న పత్రికలకు లేని వ్యాసాలను అంటగట్టగలవు.

డీటీపీ సెంటర్ ఆయన మీద మీకున్న కోపం పూర్తిగా న్యాయమైనది కాదు. మీ ఫైలు 'అను' అనే పేరుగల పాత తరహా తెలుగు ఫాంట్లలో టైపు చేసినది. ఆ ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగే అయినా లోపల దాగి ఉన్నవి ఇంగ్లీషు కీ సంకేతాలు. అక్షరక్రమంలో పెట్టమని వర్డ్‌ను అడిగితే ఆ సంకేతాల వరుసలో పెడుతుంది. అందుకే మీ జాబితాలో 'బ' తర్వాత 'అ', దాని కింద 'త' వచ్చాయి. యూనికోడ్‌లోకి మార్పించి, మార్చినప్పుడు చెదిరిన ఒత్తులను దిద్దుకొని, అప్పుడు అకారాది క్రమంలో పెట్టించండి. లేదా పాతకాలం లైబ్రరీ వాళ్లం చేసినట్టు ఒక్కొక్క పుస్తకాన్ని ఒక్కొక్క చీటీ మీద రాసి, చాప మీద పరిచి వరుస పెట్టుకోండి. 41 చీటీలకు అరగంట చాలు, పైగా రెండుసార్లు వచ్చినవి చేతికే తగులుతాయి. వరుస సంఖ్యలు అక్కర్లేదు. ప్రతి ఎంట్రీలో మొదటి పంక్తి మార్జిన్ దగ్గర మొదలై, మిగతా పంక్తులు అర అంగుళం లోపలికి జరగాలి. స్పేస్ బార్ కొడుతూ జరపకండి, వర్డ్‌లో కంట్రోల్, టి కలిపి నొక్కితే అదే జరుగుతుంది.

ఇంక 41 అనే సంఖ్య. మీ 60 పుటల్లో పాదసూచికలన్నీ లెక్కపెడితే 19 ఆధారాలే తేలాయి. మిగతా 22 ఎక్కడా కనిపించలేదు. ఎంఎల్‌ఏ, ఏపీఏ పద్ధతుల్లో జాబితా అంటే ఉదహరించినవి మాత్రమే. మన సంప్రదాయంలోని ఉపయుక్త గ్రంథసూచిలో చదివి ఉపయోగపడినవాటిని కూడా చేర్చవచ్చు గాని, జాబితా బరువు కోసం చేర్చరాదు. వైవాలో ఒక పేరు మీద వేలు పెట్టి "ఇందులో ఏముంది?" అని అడిగితే రెండు వాక్యాలైనా చెప్పలేనిదాన్ని కొట్టేయండి. ప్రింటు తీసి, లోపల ఒక ఆధారం కనబడగానే జాబితాలో దాని పక్కన పెన్సిల్‌తో టిక్కు పెడుతూ పోతే టిక్కు లేనివీ, లోపల ఉండి జాబితాలో లేనివీ రెండూ బయటపడతాయి. పాదసూచికల్లో మీరు ఇష్టంగా వాడిన "పైదే" అనే మాటను కూడా ఆ పూటే సరిచూసుకోండి. మధ్యలో కొత్త పాదసూచిక ఒకటి చేర్చినప్పుడల్లా పైది మారిపోతుంది. గ్రంథసూచి పెరిగితే ప్లేజరిజం శాతం పెరుగుతుందన్న మీ స్నేహితురాలి భయానికి ఆధారం లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక లెక్కించేటప్పుడు ఆధారాల జాబితాను మినహాయిస్తారు.

మర్రిగూడ మండలంలో మీరు చేసిన ఏడు ఇంటర్వ్యూలు నా దృష్టిలో ఈ ప్రాజెక్టుకే ప్రాణం, మీరేమో వాటిని "స్థానికులు చెప్పారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎంఎల్‌ఏ, షికాగో పద్ధతుల్లో ఇంటర్వ్యూను జాబితాలో పేరుతో చూపవచ్చు. ఏపీఏలో స్వయంగా చేసిన ఇంటర్వ్యూ జాబితాలోకి రాదు, లోపలే "వ్యక్తిగత సంభాషణ" అని తేదీతో చెప్పాలి. చరిత్ర ప్రాజెక్టు కాబట్టి "మౌఖిక ఆధారాలు" అని వేరే విభాగం పెట్టి పేరు, వయస్సు, వృత్తి, ఊరు, మండలం, మీరు మాట్లాడిన తేదీ ఇవ్వమని నా సలహా. కాని మీరు రాసినవి వాళ్ల ఎముకల జబ్బు, పళ్ల రంగు, కూతురి పెళ్లి ఆగిపోయిన సంగతి. వాటి పక్కన పేరు అచ్చులో పడేముందు ఆ ఇంటికి మరొకసారి పోయి, రాసినది వాళ్లకు చదివి వినిపించి, పేరు పెట్టమంటారా అని అడగండి. సరేనంటే పెట్టండి. వద్దంటే, లేదా ఆ పెద్దమ్మ మొహమాటంతో నవ్వి ఊరుకుంటే, "మర్రిగూడ మండలానికి చెందిన వృద్ధ మహిళ, వ్యవసాయ కూలీ" అని, తేదీతో చాలించండి. ఊరి పేరు కూడా తీసేయండి, చిన్న ఊళ్లలో వయస్సూ వృత్తీ చెప్తే మనిషిని గుర్తుపట్టేస్తారు. అసలు పేర్లున్న నోటు పుస్తకం మీ దగ్గరే ఉంచుకొని, గైడ్ గారు అడిగితే ఆయనకు మాత్రం చూపించండి.